ఫ్యూజు తీయకు తల్లీ

గుంటూరు,
ఆదివారం.

బుజ్జీ,

నీ ఉత్తరం చేరింది. నిజాంపేట ఫ్లాటులో ఉన్నవాళ్లు మూడు నెలలుగా అద్దె కట్టడం లేదని, ఫోను చేస్తే రేపు మాపు అంటున్నారని, "రెండు రోజులు ఫ్యూజు పీకేస్తే వాళ్లే దారికొస్తారు" అని ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారని రాశావు. చివర "ఈ నెలాఖరు దాకా చూసి అదే చేస్తాను పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ ఒక్క ముక్క చదివాక నాకు నిద్ర పట్టలేదు. నీ కష్టం చిన్నదని అనను. జీతంలో సగం ఈఎంఐకి పోతుంటే ఆ అద్దె మీద ఎంత ఆశ పెట్టుకున్నావో నాకు తెలుసు.  అయినా సరే, ఫ్యూజు జోలికి వెళ్లకు. ఎందుకు వద్దంటున్నానో, అసలీ గొడవ ఎక్కడ మొదలైందో వివరంగా రాస్తున్నాను. అన్నం తిన్నాక తీరిగ్గా కూర్చుని చదువు.

అద్దె ఎగ్గొట్టడం తప్పే. కానీ ఆ తప్పుకు శిక్ష వేసే అధికారం చట్టం ఇంటివాళ్లకు ఇవ్వలేదు. అద్దెకిచ్చిన రోజు నుంచి ఇల్లు నీదే అయినా స్వాధీనం వాళ్లది. చట్టం చెప్పిన దారిలో కాకుండా ఎవరినైనా ఇంట్లోంచి వెళ్లగొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద వాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ స్వాధీనం తెచ్చుకోవచ్చు. అప్పుడు కోర్టు ఇల్లు ఎవరిదని అడగదు, ఎలా వెళ్లగొట్టారనే అడుగుతుంది. కరెంటు మాటకొస్తే, అది మనిషికి కనీస సౌకర్యమని, ఇంటి యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెకున్నవాళ్లకు కనెక్షన్ కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇవాళ తప్పు వాళ్ల వైపుంది. ఫ్యూజు చేతిలోకి తీసుకున్న క్షణం అది నీ వైపుకు వస్తుంది. పోలీసు స్టేషన్‌లో నువ్వు చెప్పే మూడు నెలల బాకీ కంటే, చీకట్లో కూర్చున్న పిల్లల సంగతే ముందు వినిపిస్తుంది. అలా వినిపించడమే న్యాయం కూడా. నువ్వూ కొండాపూర్‌లో ఒకరింట్లో అద్దెకున్నదానివే కదా నాన్నా. నీ ఇంటావిడ నీకు ఆ పని చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన మాట ఒకటుంది: "బాత్రూం గోడ చెమ్మ బాగు చేయించేదాకా అద్దె కట్టబోమంటున్నారు." గొడవ మొదలైంది అక్కడ. వాళ్లు చెడ్డవాళ్లో మంచివాళ్లో నాకు తెలియదు. కానీ చెమ్మ బాగు చేయించడం ఎవరి పని అన్నది వాళ్లు చేరిన రోజున ఎవరూ మాట్లాడుకోలేదని మాత్రం తెలుస్తోంది. నువ్వది పైఫ్లాటువాళ్ల పని అనుకున్నావు, పైవాళ్లు అసోసియేషన్ పని అనుకున్నారు, అద్దెకున్నవాళ్లు నీ పని అనుకున్నారు. గోడ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. అద్దె ఇళ్ల తగాదాలు ఏవి తీసుకున్నా, అడ్వాన్సు తిరిగివ్వడం, రంగుల ఖర్చు, ఏటా పెంచే అద్దె, ఖాళీ చేయడానికి గడువు, అన్నిటి మూలం ఇదే. మనుషుల దుర్మార్గం కంటే మొదటి రోజు మొహమాటానికి మింగేసిన మాటలే ఎక్కువ తగవులు తెస్తాయి. నేను నీకు చెప్పదలచినది ఇదొక్కటే: ఆ మాటలన్నీ ముందే మాట్లాడి, కాగితం మీద పెట్టి, ఆ కాగితాన్ని రిజిస్టర్ చేయించు.

రాసుకోకపోతే ఏమవుతుందిలే అనుకోకు. మనం రాయని చోటును చట్టం తన మాటతో నింపుతుంది. ఆ చట్టం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులో నూట ఎనిమిదో సెక్షన్ ఒక్కసారి చదివితే నీకే ఆశ్చర్యం వేస్తుంది. వద్దని ఒప్పందంలో లేకపోతే అద్దెకున్నవాళ్లు ఇంటిని మరొకరికి అద్దెకిచ్చుకోవచ్చు. యజమాని చేయాల్సిన మరమ్మతు ఏదైనా ఉండి, చెప్పినా సకాలంలో చేయించకపోతే, వాళ్లే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలోంచి వడ్డీతో సహా పట్టుకోవచ్చు. అయితే ఏ మరమ్మతు ఎవరిదన్నది ఒప్పందమే తేల్చాలి. ఖాళీ చేసేటప్పుడు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి గానీ, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు వాళ్ల బాధ్యత లేదు. మనవాళ్లు రంగుల పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకుంటారే, అది ఊరి ఆనవాయితీయే తప్ప చట్టం కాదు. ఒప్పుకుని రాసుకుంటే చెల్లుతుంది, లేకపోతే రెండేళ్లు కాపురమున్న గోడకు రంగు మాయడం అరుగుదల కిందికే వస్తుంది. ఇక గడువు సంగతి. ఏమీ రాసుకోని ఇంటి అద్దెను నెలవారీ అద్దెగా చూస్తారు, పదిహేను రోజుల నోటీసుతో ఎవరైనా ముగించవచ్చు. చదువుల మధ్యలో పిల్లలున్న కుటుంబానికైనా, ఈఎంఐ కట్టే నీకైనా ఆ పదిహేను రోజులు ఏ మూలకు?

"రాసుకున్నాంగా పెద్దమ్మా, పదకొండు నెలల అగ్రిమెంటు, వంద రూపాయల స్టాంపు, నోటరీ కూడా ఉంది" అంటావు. అక్కడే నా బాధంతా. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగం చేసినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట నమ్ము. ఈ పదకొండు నెలల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1908 రిజిస్ట్రేషన్ చట్టం పదిహేడో సెక్షన్, ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలంటుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటు చేసుకుంది. చాలా రాష్ట్రాల్లో అది చెల్లుతుంది. మన దగ్గర అలా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్‌ను సవరించి, ఏడాది అన్న మాట తీసేసి, స్థిరాస్తి లీజు ఏదైనా రిజిస్టర్ చేయాలన్నారు. ఆ సవరణ ఇవాళ నువ్వున్న తెలంగాణకూ వర్తిస్తుంది, నేనున్న ఆంధ్రకూ వర్తిస్తుంది. అంటే పదకొండు నెలలన్న మాటకు మన రెండు రాష్ట్రాల్లో రక్షణ లేదు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. ఇరవై ఏళ్లు దాటిపోయినా జిరాక్సు షాపుల్లో అదే నమూనా, బ్రోకర్ల సంచుల్లో అదే నమూనా. పేరూ అద్దే మార్చి సంతకం పెట్టిస్తున్నారు, చదువుకున్న పిల్లలు కూడా చదవకుండానే పెడుతున్నారు.

చెల్లకపోతే ఏం పోయింది అంటావేమో. చాలా పోయింది. రిజిస్టర్ చేయాల్సిన పత్రాన్ని చేయించకపోతే, అందులోని షరతులకు దాన్ని సాక్ష్యంగా తీసుకోరాదని అదే చట్టం నలభై తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. వాళ్లు ఆ ఇంట్లో అద్దెకున్నారు అన్న పక్క విషయానికి పనికొస్తే రావచ్చు. ఏటా ఐదు శాతం పెంపు, రెండు నెలల నోటీసు, రంగుల ఖర్చు, ఇంకొకరికి ఇవ్వకూడదన్న నిబంధన, ఇవన్నీ నువ్వు రాసుకున్నా రాయనట్టే. అవసరం పడ్డ రోజునే ఆ కాగితం చేతిలో చచ్చుపడిపోతుంది. ఇంట్లో భద్రంగా ఉందనుకున్న గొడుగు వాన పడ్డ రోజు తీసి చూస్తే ఊచలు మాత్రమే మిగిలినట్టు.

ఇంకో భయం కూడా మనవాళ్లలో పాతుకుపోయింది. ఎక్కువ కాలానికి రాసిస్తే ఇల్లు వాళ్లదైపోతుందని, అందుకే పదకొండు నెలలకోసారి మార్చి రాయాలని చెబుతారు. ఇది తలకిందుల భయం. పన్నెండేళ్లు అనుభవిస్తే హక్కు వస్తుందన్న సూత్రం, యజమాని హక్కును కాదని బాహాటంగా ఆక్రమించి కూర్చున్నవాళ్ల గురించి. నీ అనుమతితో, నీకు అద్దె కడుతూ ఉన్నవాళ్లది అలాంటి స్వాధీనం కాదు. పైగా అద్దెకు చేరిన మనిషి, అద్దెకున్నంత కాలం, చేరిన నాటికి ఆ ఇల్లు యజమానిది కాదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. మరి వాళ్లు నీ అనుమతితోనే చేరారని రుజువు చేసేది ఏది? రిజిస్టరైన లీజు. భయపడి ఏ కాగితం మానుకుంటున్నారో, ఆ భయానికి మందు ఆ కాగితమే. రాతకోతలు లేకుండా నమ్మకం మీద బంధువులకు ఇచ్చి ఏళ్లకేళ్లు అద్దె అడగకుండా వదిలేసిన ఇళ్లలోనే హక్కుల తగాదాలు పుడతాయి.

ఇందుకు నువ్వు చెప్పబోయే అడ్డంకులు నాకు తెలుసు. ఖర్చు అంటావు. ఇంటి లీజుకు కట్టే స్టాంపు సుంకం అమ్మకానికి కట్టేదానిలా ఉండదు, అద్దె మొత్తంలో చిన్న వంతు. దాన్ని ఇద్దరం సగం సగం పెట్టుకుందామను. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రావాలంటే ఎవరూ చేరరు అంటావు. ఒక్క పూట సెలవు పెట్టి సంతకం చేయడానికి ఇష్టపడని మనిషికి ఎనభై లక్షల ఆస్తిని అప్పగించే ముందు నువ్వే ఆలోచించుకోవాలి. రిజిస్టర్ చేస్తే అద్దె ఆదాయం పన్నువాళ్లకు తెలుస్తుందని చాలామంది వెనకాడతారు. అది ఎలాగూ దాగదు తల్లీ. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరే ఉద్యోగి ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాల్సిందే. నెలకు యాభై వేలు దాటితే అద్దెకున్నవాళ్లే రెండు శాతం టీడీఎస్ కోసి కట్టాలి. పన్ను కూడా నువ్వు అనుకునేంత బరువు కాదు. ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో ముప్పై శాతాన్ని, మరమ్మతుకు నువ్వు రూపాయి పెట్టినా పెట్టకపోయినా, మినహాయిస్తారు. అద్దెకిచ్చిన ఇంటి అప్పు మీద వడ్డీకి కూడా మినహాయింపు ఉంది. నిజాయితీగా చూపించుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

"కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, కాగితం ఉండి ఏం లాభం?" అని నీ ఆఫీసు సలహాదారు అంటాడు. ఆ మాటలో నిజముంది, కాదనను. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నుంచి, 2005 సవరణతో, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను తప్పించారు. కాబట్టి నీలాంటి వాళ్లు వెళ్లాల్సింది సివిల్ కోర్టుకే. అక్కడ వాయిదాలు తప్పవు. కానీ కోర్టు నెమ్మది అన్న నిజం కాగితం వద్దనడానికి కారణం ఎలా అవుతుంది? డాక్టరు దూరంగా ఉన్నాడు కాబట్టి పథ్యం మానేద్దాం అన్నట్టుంది. మంచి ఒప్పందం చేసే మేలు కోర్టులో కంటే కోర్టు బయటే ఎక్కువ. షరతు స్పష్టంగా ఉంటే ఇద్దరికీ ఓడిపోయేది ఎవరో ముందే తెలుస్తుంది. తెలిసినప్పుడు ఎక్కువమంది మాట్లాడుకుని సర్దుకుంటారు. ఎటూ తేలని చోటే మొండితనం పెరుగుతుంది. "మనవాళ్లే, కాగితం అడిగితే ఏమనుకుంటారో" అన్న మొహమాటం కూడా ఇలాంటిదే. కాగితం అనుమానానికి గుర్తు కాదు. రేపు ఇద్దరిలో ఎవరైనా మరిచిపోతే గుర్తు చేసుకోవడానికి పెట్టుకున్న జ్ఞాపకం. అది నిన్ను వాళ్ల నుంచి ఎంత కాపాడుతుందో, వాళ్లను నీ నుంచి కూడా అంతే కాపాడాలి. అలా లేకపోతే దాని మీద సంతకం పెట్టించకు.

ఏమేం రాయాలన్నది చెబుతాను. తాళం ఇచ్చే రోజున వాళ్లతో కలిసి ఇల్లంతా తిరుగు. కరెంటు మీటరు రీడింగు రాయి. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, గీజరు వేడెక్కుతోందా లేదా, తలుపు గడియలు పడుతున్నాయా, అరల తాళాలు ఎన్ని, అన్నీ ఒక కాగితం మీద పెట్టు. వంటింటి సింకు కింద తలుపు తీసి చెయ్యి పెట్టి చూడు, తడి తగిలితే అది పాత లీకేజీ అని అప్పుడే రాసెయ్. గోడలకు ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఆ కాగితం కింద ఇద్దరూ సంతకం చేస్తే, రేపు అడ్వాన్సు తిరిగిచ్చే రోజున వాదన ఉండదు. అడ్వాన్సు కూడా ఆశపడి తీసుకోకు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోరాదంటుంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది గానీ, నువ్వు పాటించడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. ఆ డబ్బు నీది కాదు, నీ దగ్గర దాచుకోమని ఇచ్చింది. విడిగా బ్యాంకులో వేసి ఉంచు. మరమ్మతుల్లో బల్బు, కుళాయి వాషరు లాంటి రోజువారీవి వాళ్లవి. పైపులు, చెమ్మ, వైరింగు నీవి అని రాసుకో. నీ పని అని రాసుకున్నది, ఫోను వచ్చిన వారంలో చేయించు. అద్దె బ్యాంకు ద్వారానే తీసుకో. ఇంటికి వెళ్లేముందు రోజే చెప్పి వెళ్లు, తాళం నీ దగ్గరుంది కదా అని తలుపు తీసుకుని లోపలికి పోకు.

ఆ చెమ్మ సంగతి కూడా ఇప్పుడే తేల్చేయ్. పైఫ్లాటువాళ్లను బతిమాలి తమ బాత్రూం రెండు మూడు రోజులు వాడకుండా ఉంచమను. మచ్చ ఆరడం మొదలుపెడితే నీళ్లు పైవాళ్ల నేల నుంచో డ్రైను నుంచో దిగుతున్నాయని అర్థం. ఏమాత్రం ఆరకపోతే ఎప్పుడూ నీళ్లుండే పైపులోంచి వస్తోందేమో ప్లంబరుతో చూపించు. కారణం తెలియకుండా పైపైన పుట్టీ పెట్టి రంగు వేస్తే, వచ్చే వానాకాలానికి పొక్కులై రాలిపోతుంది, నీ డబ్బూ రాలిపోతుంది.

డబ్బు లెక్క కూడా ఒకసారి కలిసి చూద్దాం, ఎందుకంటే నీ కోపంలో సగం అక్కడి నుంచే వస్తోంది. ఎనభై లక్షల ఫ్లాటుకు రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, ఆరు లక్షలు. మొత్తం ఎనభై ఆరు. ఇరవై అయిదు వేల అద్దె అంటే ఏడాదికి మూడు లక్షలు, పెట్టిన దాని మీద మూడున్నర శాతం. అప్పు మీద వడ్డీ ఎనిమిదిన్నర. అరవై లక్షల అప్పుకు ఇరవై ఏళ్ల వాయిదా నెలకు యాభై రెండు వేల పైచిలుకు. అద్దె ఎప్పటికప్పుడు వచ్చినా అందులో సగమైనా తీరదు. ఇది నీ తప్పు కాదు, అద్దెకున్నవాళ్ల తప్పూ కాదు, మన నగరాల్లో ఇళ్ల ధరకూ అద్దెకూ ఉన్న దూరం అలాంటిది. అద్దె ఇల్లు అంటే కూర్చున్నచోట వచ్చే రాబడి అని ఎవరో నీకు చెప్పారు. అది కూడా ఒక పనే. ఆరు నెలల ఈఎంఐ విడిగా దాచుకుని చేయాల్సిన పని. ఏటా పెంచే అద్దెలోనూ ఇదే గుర్తుంచుకో. పదిహేను వందల కోసం పట్టుబట్టి మంచివాళ్లను పంపేస్తే, ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఇరవై అయిదు వేలు పోతాయి. ఆ నష్టం పూడటానికి పదహారు నెలలు దాటుతుంది, బ్రోకరు కమిషనూ రంగులూ కాక.

ఒక్క మాట ఇల్లు ఎవరికివ్వాలన్న దాని గురించి. ఆధార్ చూడు, ఉద్యోగం వివరం కనుక్కో, పోలీసు వెరిఫికేషన్ చేయించు. కులం అడగకు. మతం, తిండి, పెళ్లయిందా లేదా అడగకు. ఒంటరి ఆడపిల్లవని నీకు ఎన్ని గుమ్మాలు మూసుకున్నాయో మాకు తెలుసు. నీ గుమ్మం ఎవరికీ అలా మూసుకోకూడదు.

ఇక ఇప్పుడు చేయాల్సింది. వచ్చే శనివారం వెళ్లి వాళ్లింట్లో కూర్చుని మాట్లాడు. గోడ ముందు చూడు, బాకీ తర్వాత అడుగు. చెమ్మ పని మొదలుపెట్టిస్తానని తేదీ చెప్పి, మూడు నెలల బాకీని వాయిదాల్లో కట్టే తేదీలు వాళ్లతో చెప్పించు. రెండూ ఒకే కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి, ఆ తర్వాత సరైన లీజు రాయించి రిజిస్టర్ చేయించండి. మాటకు కట్టుబడకపోతే లాయరు ద్వారా నోటీసు పంపు. బాకీ మొదలయ్యేదాకా అద్దె బ్యాంకులో పడింది కాబట్టి ఎంతకిచ్చావన్నదానికి ఆ స్టేట్‌మెంటే సాక్ష్యం. బాకీ అద్దె కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువుంది. ఇవాళే కోట్లాడకపోతే పోతుందన్న తొందర లేదు. ఫ్లాటు అమ్మేద్దామని అనిపించినా, ఆ సంగతి ఈ కోపం చల్లారాక ఆలోచిద్దాం.

లీజు ముసాయిదా రాసి ముందు నాకు పంపు, నేను చదివి పెడతాను. శనివారం ఒంటరిగా వెళ్లకు, మీ అమ్మను తీసుకెళ్లు. వెళ్లేటప్పుడు వాళ్ల పిల్లలకు ఏదైనా పట్టుకెళ్లు. ఆ ఇంట్లో దీపం వెలుగుతూ ఉండాలి బుజ్జీ, అది నీ ఇల్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ